శాస్త్ర దృష్టి, దైవ విశ్వాసం: బోగోలు నుంచి శ్రీహరికోట దాకా

శాస్త్ర దృష్టి, దైవ విశ్వాసం ఒకే మనిషిలో, ఒకే సమాజంలో కలిసి ఉండగలవా అన్నది తత్త్వచింతనలోనూ విజ్ఞాన చరిత్రలోనూ పాత ప్రశ్న. కలిసి ఉంటున్నాయన్నది కంటికి కనిపించే సంగతి. ఏ షరతు మీద ఉంటున్నాయి, ఎక్కడ ఒకదాని చోటులోకి మరొకటి వచ్చి కూర్చుంటోంది అన్నదే అసలు చర్చ. ఈ వ్యాసం ఆ చర్చను నెల్లూరు జిల్లా బోగోలు మండలం నుంచి దక్షిణాన శ్రీహరికోట దీవి దాకా సాగే తీరం ఆధారంగా వివరిస్తుంది. రాకెట్ల ప్రయోగ కేంద్రం, గంగమ్మ కొలుపులు, తుపాను హెచ్చరికలు, దర్గా మొక్కులు, మిషనరీ ఆస్పత్రులు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న తీరం తెలుగునాట మరొకటి లేదు.

బోగోలు కావలికి దక్షిణంగా, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి పక్కన ఉంటుంది. మండలంలోని బిట్రగుంట రైల్వే ఊరు. బొగ్గు ఇంజన్ల కాలంలో ఇక్కడి లోకో షెడ్డు దక్షిణాదిలో పేరున్న వాటిలో ఒకటి. దగ్గరలోనే కొండ బిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. తూర్పున బకింగ్‌హాం కాలువ, అది దాటితే మత్స్యకారుల పల్లెలు, జువ్వలదిన్నె చేపల రేవు, ఆపైన బంగాళాఖాతం.

మాటల్లోనే ఉన్న చిక్కు

తెలుగులో ఈ చర్చ మొదలుపెట్టగానే ‘శాస్త్రం’ అన్న మాటే అడ్డుపడుతుంది. భౌతిక శాస్త్రం అన్నప్పుడు అది ప్రయోగానికి నిలిచిన జ్ఞానం. ‘శాస్త్రం ఒప్పుకోదు’ అని పురోహితుడు అన్నప్పుడు అది ధర్మశాస్త్రం, ఆగమం. వాస్తు, జ్యోతిషం, సాముద్రికం అన్నీ శాస్త్రాలే. ‘శాస్త్రానికి రెండు మెతుకులు కతికాడు’ అన్నప్పుడు ఆ మాటకు నామమాత్రం అని అర్థం. ఒకే మాట ఇన్ని పనులు చేయడం వల్ల వాదనలు తరచు దారి తప్పుతాయి. జాతకాన్ని ప్రశ్నించినవారికి ‘అది శాస్త్రమండీ’ అన్న జవాబు వస్తుంది. ఆ మాట దగ్గరే చర్చ ఆగిపోతుంది. దానికి పరీక్ష ఏమిటి, తప్పని తేలే వీలుందా అని అడిగే అవకాశం ఉండదు. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో, ముఖ్యంగా 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించాక, ‘విజ్ఞానం’ అన్న మాట కొంత వేరుగా నిలబడింది. అయినా ఇళ్లలో వినిపించేది ఇప్పటికీ ‘శాస్త్రం’.

రెండో మాట ‘నమ్మకం’. తెలుగువాడు దేవుణ్ణి నమ్ముతాడు, డాక్టరు చేతివాసిని నమ్ముతాడు, అప్పిచ్చిన షావుకారును నమ్ముతాడు. ఈ మూడింటిలోనూ ‘ఫలానా సంగతి నిజం’ అని ఒప్పుకోవడం తక్కువ, ఒకరి మీద ఆనుకోవడం ఎక్కువ. గంగమ్మకు మొక్కుకునే మనిషి లోకం ఎలా పుట్టిందో చెప్పే సిద్ధాంతమేదీ ప్రతిపాదించడు. పిల్లవాడికి నయం కావాలని, బోటు క్షేమంగా రేవు చేరాలని ఒకరికి మాట ఇస్తాడు. పడమటి దేశాల్లో మతానికీ విజ్ఞానానికీ జరిగిన పోరు సృష్టి క్రమం, భూమి వయసు, జీవ పరిణామం వంటి వాటి మీద నడిచింది. నెల్లూరు తీరంలో అలాంటి పోరు పెద్దగా లేదు. ఇక్కడ తగాదా వచ్చేది వేళల దగ్గర, వైద్యం దగ్గర, వేట దగ్గర.

సముద్రం ఒడ్డున

ఈ తీరపు పల్లెల్లో ఎక్కువగా పట్టపు మత్స్యకారులు ఉంటారు. ఊరి కట్టుబాటును ‘దురాయి’ అంటారు. కాపులు కూర్చుని దురాయి వేశారంటే అది ఊరంతటికీ వర్తిస్తుంది. గంగమ్మ, పోలేరమ్మ గ్రామదేవతలు. కొత్త బోటు నీళ్లలోకి దించే ముందు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తప్పవు.

అదే బోటులో ఇప్పుడు జీపీఎస్ ఉంటుంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, చేపలు దొరికే అవకాశమున్న చోట్ల వివరాలను తీరమంతటా పంపుతుంది. ఉపగ్రహం సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ, నీటి రంగును బట్టి అందులోని పత్రహరితాన్నీ కొలుస్తుంది. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచుల్లో సూక్ష్మ వృక్షజాలం పెరుగుతుంది. దాన్ని తినే చిన్న ప్రాణులు అక్కడికి చేరతాయి, వాటి వెంట చేపల గుంపులు వస్తాయి. రేవు నుంచి ఎంత దూరం, ఏ దిక్కు, ఎంత లోతు అన్నది సందేశంగా ఒడ్డుకు చేరుతుంది. ఈ సమాచారం వచ్చాక గంగమ్మ పూజ మానేయాలని ఎవరికీ అనిపించలేదు. పూజ ఉంది కాబట్టి సమాచారం అక్కర్లేదని కూడా ఎవరూ అనుకోలేదు.

ఈ సర్దుబాటు వెనక కష్టమైన అనుభవం ఉంది. 1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టిన గే తుపాను మలయా ద్వీపకల్పాన్ని దాటి, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుని, 8వ తేదీ రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ రికార్డుల్లో దానికి ‘కావలి తుపాను’ అని పేరు. అంతకు 12 ఏళ్ల ముందు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. ఆ తరువాతి దశాబ్దాల్లో తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి, ఉపగ్రహ చిత్రాలు అందుబాటులోకి వచ్చాయి, రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు పల్లెల్లో పిల్లలకు కూడా తెలిశాయి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో మొదలైంది. కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగిరిన రోజున అమ్మవారి మీద భారం వేసి వేటకు పోవడం భక్తి కాదని పల్లె పెద్దలకు బాగా తెలుసు. బోటు ఒడ్డుకు లాగి, తాళ్లు బిగించి, ఆ తరువాత అమ్మవారికి దండం పెట్టుకుంటారు. ఈ వరుసలోనే ఈ వ్యాసం ప్రశ్నకు జవాబు చాలావరకు ఉంది: నిర్ణయం తీసుకునే ఘడియలో ఆధారానిదే చివరి మాట అయితే రెండూ కలిసి బతుకుతాయి.

పండితుల వర్గీకరణలు

విజ్ఞానం, మతం ఎప్పటికీ శత్రువులే అన్న వాదాన్ని ప్రచారంలోకి తెచ్చినవారు అమెరికాలో జాన్ విలియం డ్రేపర్ (1874), ఆండ్రూ డిక్సన్ వైట్ (1896). గెలీలియోపై 1633లో జరిగిన విచారణ వారి చేతిలో ముఖ్య సాక్ష్యం. తరువాతి చరిత్రకారులు ఆ చిత్రం మరీ సరళమని తేల్చారు. విశ్వం వ్యాకోచిస్తోందన్న ఆలోచనను 1927లో సమీకరణాలతో ముందుకు తెచ్చిన జార్జ్ లెమైత్ర్ కాథలిక్ మతాచార్యుడు. ఇయాన్ బార్బర్ ఈ సంబంధాన్ని సంఘర్షణ, ఎవరి దారి వారిది, సంభాషణ, సమన్వయం అని నాలుగుగా విడదీశాడు. స్టీఫెన్ జే గౌల్డ్ 1997లో విజ్ఞానానిది వాస్తవాల రంగం, మతానిది విలువల రంగం, సరిహద్దు దాటకపోతే తగవు లేదన్నాడు.

ఈ వర్గీకరణలన్నీ మతమంటే గ్రంథంలో రాసిన కొన్ని ప్రతిపాదనలు అని అనుకుని బయలుదేరతాయి. మొక్కు, జాతర, తిథి, మైల, ఉపవాసం కలిసిన మతానికి అవి పూర్తిగా అతకవు. గౌల్డ్ గీసిన సరిహద్దు కూడా ఇక్కడ అంత సూటిగా ఉండదు. ముహూర్తం విలువల సంగతా, వాస్తవాల సంగతా? ‘ఈ వేళ మొదలుపెడితే పని నెరవేరుతుంది’ అనడం పరీక్షకు పెట్టదగిన వాస్తవ ప్రకటనే. ‘పెద్దలు పెట్టిన వేళకు అందరం కలుద్దాం’ అనుకుంటే అది కుటుంబపు విలువ. ఒకే ముహూర్తం ఒకే పెళ్లిలో రెండు పనులూ చేస్తుంటుంది.

శ్రీహరికోట

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ ప్రయోగాలకు ఎంపిక చేశారు. భూమధ్యరేఖకు దగ్గర కావడం, తూర్పున సముద్రం తెరిపిగా ఉండడం, జనవాసం పలచగా ఉండడం కారణాలు. జనవాసం పలచన అన్నారే గాని దీవి ఖాళీగా లేదు. యానాదులు తరతరాలుగా అక్కడ ఉన్నారు. ఆ అడవిలో మూలికలు, పాములు, తేనెపట్లు, దుంపలు ఎక్కడెక్కడ ఉంటాయో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పరిశీలన మీద నిలిచిన ఆ జ్ఞానాన్ని మనం శాస్త్రంగా లెక్కించలేదు, అది మనకు నష్టం. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. 2002లో కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2022 జిల్లాల విభజన తరువాత శ్రీహరికోట, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి.

పెద్ద ప్రయోగాలకు ముందు ఇస్రో అధిపతులు సూళ్లూరుపేటలో చెంగాళమ్మ పరమేశ్వరిని, తిరుమలలో శ్రీవారిని దర్శించుకోవడం ఆనవాయితీగా మారింది. రాకెట్టు లేదా ఉపగ్రహం చిన్న నమూనాను స్వామి పాదాల చెంత ఉంచి పూజ చేయిస్తారు. 2013 నవంబరు 5న మంగళయాన్ ప్రయోగానికి ముందు అప్పటి అధ్యక్షుడు కె. రాధాకృష్ణన్ తిరుమల వెళ్లారు. అదే నెలలో భారతరత్న ప్రకటన అందుకున్న రసాయన శాస్త్రవేత్త సి.ఎన్.ఆర్. రావు ఈ పద్ధతిని మూఢనమ్మకమని బహిరంగంగా విమర్శించారు. 2023 జులై 13న చంద్రయాన్-3 నమూనాతో శాస్త్రవేత్తల బృందం తిరుమలకు వచ్చినప్పుడు ఆ చర్చ మళ్లీ రేగింది. 2007–08లో భారతీయ శాస్త్రవేత్తలు వెయ్యి మందికి పైగా పాల్గొన్న ఒక సర్వేలో తిరుమల దర్శనం మీదే ఒక ప్రశ్న ఉంది. దేశ శాస్త్ర సమాజంలో ఈ సంగతి ఎంత లోతుగా నాటుకుందో దాన్నిబట్టి తెలుస్తుంది.

విమర్శకుల వాదన తేలిగ్గా తీసేయదగింది కాదు. అధిపతి వ్యక్తిగా గుడికి వెళ్లవచ్చు, సంస్థ పేరిట, సంస్థ నమూనాతో, కెమెరాల ముందు వెళితే ప్రజలకు అందే సందేశం వేరు అని వారంటారు. అన్ని మతాలవారూ, ఏ మతమూ లేనివారూ పనిచేసే ప్రభుత్వ సంస్థ ఒక్క దేవుడి దగ్గర మోకరిల్లడం సబబు కాదన్నది మరో మాట. సమర్థించేవారు ఏళ్ల తరబడి చేసిన పని ఇరవై నిమిషాల్లో తేలిపోయే చోట మనసుకు ఊతం కావాలంటారు. చేయగలిగినదంతా చేశాక చేతులు జోడించడంలో తప్పేముందని అడుగుతారు. ఈ రెండూ నిజాయితీ గల వాదనలే.

పూజ జరిగిందా లేదా అన్నదాని కన్నా పూజ తరువాత ఏం జరిగిందన్నదే చూడవలసింది. చంద్రయాన్-2 ప్రయోగం 2019 జులై 15 తెల్లవారుజామున 2.51కి జరగాలి. చూడడానికి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ తిరుమల దర్శనం ముగించుకుని శ్రీహరికోట చేరుకున్నారు. 56 నిమిషాల ముందు రాకెట్టులో సాంకేతిక లోపం కనబడింది. కౌంట్‌డౌన్ ఆపేశారు. రాష్ట్రపతి ఉన్నారని, పూజలు అయ్యాయని, వేళ మించిపోతుందని ఎవరూ ముందుకు తోయలేదు. లోపం సరిదిద్ది జులై 22 మధ్యాహ్నం ప్రయోగించారు. సెప్టెంబరు 7న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. తరువాతి నాలుగేళ్లు ఎక్కడ తప్పు జరిగిందన్న లెక్కతోనే గడిచాయి. చంద్రయాన్-3కి కాళ్లు బలంగా చేశారు, ఇంధనం పెంచారు, వేగం కొలిచే కొత్త లేజరు పరికరం చేర్చారు, దిగాల్సిన చోటును అర కిలోమీటరు చదరం నుంచి 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం అది దిగింది. ప్రయోగం విఫలమైన ప్రతిసారీ ఇస్రో విశ్లేషణ సంఘాన్ని వేసింది. వాటి నివేదికలు కవాటాలు, పీడనం, సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడాయి. నక్షత్రాల ఊసు వాటిలో లేదు.

ఆధారాన్ని పక్కకు నెట్టే నమ్మకం ఎప్పుడూ దైవసంబంధమే కానక్కర్లేదని ఈ దీవి చరిత్రే చెబుతుంది. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 తొలి ప్రయోగంలో కంప్యూటరు ఆగమంది. నిపుణులతో మాట్లాడిన తరువాత ప్రాజెక్టు నాయకుడు ఏపీజే అబ్దుల్ కలాం ఆ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లమన్నారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థ దెబ్బతిని రాకెట్టు సముద్రంలో పడింది. ఆ సంగతిని కలాం తరువాత ఎన్నో సభల్లో స్వయంగా చెప్పుకున్నారు. పత్రికలవారి ముందు ఆ వైఫల్యాన్ని సతీష్ ధవన్ తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడు జులై 18న అదే రాకెట్టు విజయవంతమైంది. కలాం రోజూ ప్రార్థన చేసే ముస్లిం. ఆనాడు ఆయన్ను తప్పుదారి పట్టించింది ప్రార్థన కాదు, తన లెక్కల మీద తనకున్న గట్టి నమ్మకం.

పీఎస్సెల్వీ రాకెట్లలో సి-12 (2009 ఏప్రిల్) తరువాత సి-14 (2009 సెప్టెంబరు 23) వచ్చింది, సి-13 లేదు. పదమూడు అంకె మీద జంకే కారణమని విమర్శకులు అన్నారు. ఆ జంకు మన ఊళ్లలో పుట్టింది కూడా కాదు. మన పంచాంగంలో త్రయోదశి మంచి తిథి, పదమూడు అశుభమన్న భయం పడమటి నుంచి వచ్చింది. ఆ సి-14 మోసుకెళ్లిన ఉపగ్రహం ఓషన్‌శాట్-2. సముద్రపు నీటి రంగును కొలిచి, జువ్వలదిన్నె బోట్లకు చేపల జాడ చెప్పిన సమాచారంలో దానిది పెద్ద వాటా.

పంచాంగం, గ్రహణం

విశ్వాసం, పరిశీలన ఒకే పుస్తకంలో ఇమిడిన చోటు పంచాంగం. తిథి, నక్షత్రం, గ్రహణకాలం గణితం. వాటి ఫలితాలు విశ్వాసం. గణితం భాగం తప్పితే ఆకాశమే తప్పు పట్టిస్తుంది కాబట్టి దాన్ని దిద్దుకోక తప్పదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నంలో దూరదర్శినులు పెట్టుకున్నారు. హీలియం గుర్తింపుకు దారితీసిన పరిశీలనలు అవి. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఆ గ్రహణాన్ని చూశారు. అంతకు ముందు ఏడాది ఆయన ఒక చంచల తారను కనుగొన్నారు. సంప్రదాయ జ్యోతిష కుటుంబంలో పుట్టిన ఈయన పంచాంగాన్ని తోసిపుచ్చలేదు. వేధశాలలో చూసిన దానితో సరిపోయే దృగ్గణిత పంచాంగం కావాలని పట్టుబట్టారు. 1874 శుక్ర సంక్రమణం గురించి జనానికి అర్థమయ్యేలా సంభాషణ రూపంలో చిన్న పుస్తకం రాశారు.

ఆ దిద్దుబాటు ఇప్పటికీ పూర్తి కాలేదు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం ఉత్తరాయణ పుణ్యకాలం చేసుకునేది జనవరి 14, 15 తేదీల్లో. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున ఈ తేడా పేరుకుంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో నియమించిన పంచాంగ సంస్కరణ సంఘం ఈ లెక్కలన్నీ తేల్చింది. 1957 మార్చి 22 నుంచి జాతీయ శక పంచాంగం అమల్లోకి వచ్చింది. ఇళ్లలో మాత్రం సంక్రాంతి కదల్లేదు. కోతలు ముగిసి ధాన్యం ఇంటికి చేరే వేళకు పండుగ కుదిరి ఉంది. నెల్లూరు రైతుకు అది చాలు.

గ్రహణం నాడు తిరుమలతో సహా చాలా ఆలయాలు మూసేస్తారు. శ్రీకాళహస్తిలో మూయరు, గ్రహణవేళలోనే అభిషేకాలు జరుగుతాయి. ఒకే సంప్రదాయంలో రెండు పద్ధతులూ చెల్లుతున్నాయంటే ఆచారం ప్రకృతి నియమం కాదని సంప్రదాయానికే తెలుసన్నమాట. గర్భిణులను చీకటి గదిలో కదలకుండా కూర్చోబెట్టడం మాత్రం ఇంత తేలికైన సంగతి కాదు. గంటల తరబడి నీళ్లు కూడా ఇవ్వకపోతే నష్టపోయేది తల్లీ బిడ్డా. విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన సరస్వతి గోరా తాను గర్భవతిగా ఉన్నప్పుడు గ్రహణవేళ ఇంట్లో దాక్కోవడానికి నిరాకరించారు.

ఒకే తలలో రెండూ

తెలుగువారిలో ఈ ప్రశ్నకు నాలుగు విధాలుగా బతికి జవాబిచ్చిన మనుషులు కనిపిస్తారు. కందుకూరి వీరేశలింగం (1848–1919) దయ్యాలు, శకునాలు, మంత్రాలను జీవితమంతా ఎదిరించారు. విజ్ఞాన విషయాలను తెలుగులో రాశారు. దేవుణ్ణి మాత్రం వదల్లేదు, బ్రాహ్మ సమాజం దారిలో ఒక్క నిరాకారుణ్ణే కొలిచారు. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల 1933లో కాకినాడ కళాశాల ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు, తరువాత అది విజయవాడ చేరింది. ఆ కేంద్రంవారు నిప్పుల మీద నడిచి చూపించేవారు. కాలిన కర్ర బొగ్గు వేడిని నెమ్మదిగా పాదానికి అందిస్తుంది, ఒక్కో అడుగు క్షణకాలమే ఆనుతుంది, అందుకే చకచకా నడిస్తే కాలదు. అదే గోరా ప్రార్థనా సమావేశాల మనిషి గాంధీ దగ్గరకు వెళ్లి వాదించి స్నేహం సంపాదించుకున్నారు. అంటరానితనం పోవాలన్న చోట ఆ ఆస్తికుడు, ఈ నాస్తికుడు ఒకటయ్యారు.

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) కుర్రతనంలో సన్యాసం వైపు, రామకృష్ణ మిషన్ వైపు ఆకర్షితుడయ్యారు. వైద్య సేవ చేయాలన్న తపనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. భక్తి ఆయన పరిశోధనకు అడ్డు రాలేదు, దానికి ఊపిరి పోసింది. ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్ బోదకాలు వ్యాధికి మందు. కోస్తా ఊళ్లకు ఆ వ్యాధి ఎంత పాతదో చెప్పనక్కర్లేదు.

సూరి భగవంతం కథ మరో రకం. ఆగిరిపల్లిలో పుట్టి, భౌతిక శాస్త్రవేత్తగా ఎదిగి, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులై, రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారుగా పనిచేసిన మనిషి సత్యసాయి బాబా భక్తుడయ్యారు, సభల్లో ఆయన తెలుగు ఉపన్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి హెచ్. నరసింహయ్య మహిమలను పరీక్షించేందుకు సంఘం వేసి బాబాను ఆహ్వానించారు. పరీక్ష జరగలేదు. భగవంతం భక్తి ఆయన సొంతం. దాన్ని ఎవరూ ప్రశ్నించనక్కర్లేదు. అయితే గాలిలోంచి వస్తువు పుట్టిందనడం భౌతిక శాస్త్రం పరిధిలోని ప్రకటన. అక్కడ శాస్త్రవేత్త హోదా సాక్ష్యంగా పనికిరాదు, ప్రయోగమొక్కటే పనికొస్తుంది. గొప్ప శాస్త్రవేత్త చెప్పాడు కాబట్టి మహిమ నిజమనుకున్నవారు ఆ రోజుల్లో వేలమంది ఉన్నారు.

చట్టం

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ(హెచ్) అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతను, జిజ్ఞాసను, సంస్కరణ భావాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటుంది. మతస్వేచ్ఛను 25వ అధికరణం కాపాడుతుంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. హైదరాబాదు సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకులు పుష్ప మిత్ర భార్గవ 1981లో వెలువడిన శాస్త్రీయ దృక్పథ ప్రకటన కర్తల్లో ఒకరు. 2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని విజ్ఞాన కోర్సుగా ప్రవేశపెట్టాలని యూజీసీ తలపెట్టినప్పుడు ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004 మేలో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసింది. పాఠ్యాంశాల నిర్ణయం విద్యానిపుణులకు వదలాలన్నది తీర్పు సారం. గుడిలో జాతకం చూడడం మీద భార్గవకు కేసు లేదు. ప్రయోగశాల పక్క గదిలో అదే హోదాతో దానికి బోర్డు కట్టడం మీదే ఆయన కేసు.

రోగం వచ్చిన చోట

ఈ తీరంలో విశ్వాసమే ఆధునిక వైద్యాన్ని వెంటబెట్టుకొచ్చింది. 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ బడులు, ఆస్పత్రి కట్టింది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించాడు. మత ప్రచారానికి వచ్చే ముందు అతను భూమి కొలిచే సర్వేయరు. కరువులో జనాన్ని బతికించినది ఆ కొలతల విద్య, ఆ విద్యను అక్కడికి నడిపించినది విశ్వాసం. నెల్లూరు స్వర్ణాల చెరువులో మొహర్రం నాడు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెలు మార్చుకునే వేలమందిలో ఆరోగ్య రొట్టె పట్టేవారు ఎందరో. హిందువులు, ముస్లింలు పక్కపక్కనే నీళ్లలో నిలబడతారు. రొట్టె తిన్నాక మందు మానమని అక్కడ ఎవరూ చెప్పరు.

2021 మేలో కృష్ణపట్నంలో కరోనాకు ఒక నాటు వైద్యుడు ఇచ్చిన మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. ఇది మత విశ్వాసం కాదు, అయినా ప్రశ్న అదే. ఊపిరి అందని మనిషి కుటుంబం ఆశను వెతుక్కోవడం సహజం. వారిని అజ్ఞానులనడం అన్యాయం, ఆ వారాల్లో ఆస్పత్రుల్లో మంచాలే దొరకలేదు. ప్రభుత్వం పంపిణీ ఆపి, పరిశీలన జరిపించి, మే 31న అనుమతి ఇచ్చినప్పుడు కంట్లో వేసే చుక్కల మందును పక్కనపెట్టింది. డాక్టర్లు రాసిన మందులు మానవద్దని చెప్పింది. హాని లేదని తేలడం వేరు, గుణం ఉందని తేలడం వేరు. రెండోది తేలాలంటే మందు వేసుకున్నవారినీ వేసుకోనివారినీ పోల్చి చూడాలి. నయమైనవారి మాటలు ఎన్ని కూడినా ఆ పోలిక కాదు, ఎందుకంటే కరోనా సోకినవారిలో ఎక్కువమంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు.

పాముకాటు దగ్గర ఇదే లెక్క మరింత కఠినంగా ఎదురవుతుంది. గత శతాబ్దంలో మద్రాసు–గూడూరు రైలు మార్గంలో ఒక స్టేషను మాస్టరుకు పాము మంత్రంలో గొప్ప పేరు ఉండేది. దూరాన ఎవరినైనా పాము కరిస్తే రైల్వే తంతి ద్వారా ఆయనకు కబురు పంపేవారు, ఆయన అక్కడి నుంచే మంత్రం వేస్తే విషం దిగుతుందని జనం నమ్మేవారు. విద్యుత్ సంకేతాలు పంపే తీగ మీద మంత్రం ప్రయాణించింది. ఆ స్టేషను మాస్టరు వంటివారు డబ్బు ఆశించేవారు కాదని, అర్ధరాత్రి లేపినా విసుక్కునేవారు కాదని పెద్దలు చెబుతారు. ఆ దయను చులకన చేయనక్కర్లేదు. మంత్రం ‘పనిచేసినట్టు’ కనిపించడానికి కారణం వేరు. మన పాముల్లో అధిక భాగం విషం లేనివి, విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం ఎక్కించదు. మిగిలిన సందర్భాలే ప్రాణాంతకం: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. కట్లపాము రాత్రివేళ నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలి ఊపిరి ఆగుతుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఈ నాలుగు పాములకూ విరుగుడు మందు ఒక్కటే. దానికి కావలసిన విషంలో చాలా భాగం తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం సేకరించి ఇస్తుంది. పాములను పట్టే వారి పాత విద్య ఇంజెక్షనుగా మారి తిరిగి పల్లెకు వస్తోంది.

తంతి వ్యవస్థ 2013 జులైలో దేశమంతటా మూతపడింది. 108 అంబులెన్సు రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. కరిచిన కాలు కదపకుండా, కట్టు గట్టిగా బిగించకుండా, గాయం కోయకుండా రోగిని ఆస్పత్రికి చేర్చమని వైద్యులు చెబుతారు. అంబులెన్సు వచ్చేలోపు ఇంటివాళ్లు దేవుణ్ణి తలుచుకుంటే దానివల్ల ఆలస్యం కాదు. మంత్రగాడి ఇంటికి ముందు తీసుకెళ్తే అవుతుంది.